ఎలిజబెత్ అక్క మీద నేను రాసిన ఫారం

ఏలూరు, పవర్‌పేట
24-2-2008, ఆదివారం

అమ్మకు,

నీ కొడుకు సుకుమార్ వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, నీ కోడలూ, షారోనూ ఆరోగ్యంగా ఉన్నాము. అక్కడ నువ్వూ, విజయకుమారి అక్కా, పిల్లలూ అలాగే ఉన్నారా? ఒకసారి "అందరూ క్షేమమని తలుస్తాను" అని రాస్తే, "తలచడం దేనికి, అడిగి తెలుసుకో" అని ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపావు. అందుకే ఈసారి అడుగుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? భిలాయిలో చలి తగ్గిందా? అక్క ఇచ్చే మాత్రలు వేసుకుంటున్నావా, అవి దిండు కింద పెట్టి నీ నూనే రుద్దుకుంటున్నావా?

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. అడిగినవాటికి వరుసగా జవాబు రాకపోతే నీకు తోచదు కాబట్టి అలాగే రాస్తున్నాను. చర్చి పైకప్పు పని అయిపోయింది. పెంకులు తీసేసి రేకులు వేశారు. ఇక వానపడితే పాస్టరు గారి ప్రసంగం ఎవరికీ వినపడదని సంఘ పెద్దలు దిగులు పడుతున్నారు. వానాకాలం ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళు కూడా కొందరున్నారులే. షారోన్‌కి తెలుగులో అరవై రెండు వచ్చాయి. "శాంతి" అని రాయవలసిన చోటల్లా "సాంతి" అని రాసిందట. నాయనమ్మకు చెప్పొద్దని నన్ను బతిమాలుకుంది, చెప్పేస్తున్నాను.

గూడెం ఉల్లిపాయలు ఎవరు తెస్తున్నారని అడిగావు. మా హర్షవర్ధన్ తెస్తున్నాడు. ఏడాదిన్నర కిందట నాతో భాగస్వామిగా చేరిన పళ్ళ డాక్టరు అని రాశాను కదా, అతనే. మంగుళూరులో పెద్ద చదువు చదివి వచ్చినా తాడేపల్లిగూడెంలో అమ్మానాన్నల దగ్గరే ఉంటాడు. పొద్దున్నే పాసింజరెక్కి పవర్‌పేట స్టేషన్లో దిగి, ఎనిమిదిన్నరకల్లా క్లినిక్ తలుపు దగ్గర ఉంటాడు. మంచివాడు. మాట మాత్రం సూటిగా ఉంటుంది. మన వైపు పుట్టి ఇంత సూటిగా మాట్లాడడం ఎక్కడ నేర్చుకున్నాడో అని ఆశ్చర్యపోతుంటాను.

జవాబులు మూడే వచ్చాయి, నువ్వు అడిగినవి నాలుగు. ఈపాటికి ఎర్ర పెన్ను మూత తీసి ఉంటావు. నాలుగోది మరిచిపోలేదమ్మా. "ఎలిజబెత్ నెలనెలా మొదటివారంలో రాసే ఉత్తరం ఈ నెల రాలేదు, ఒంట్లో బాగుందా? జనవరి ఉత్తరంలో 'నా పని చూసి బాబు పర్వాలేదన్నారండీ టీచరు గారూ' అని సంతోషంగా రాసింది, తర్వాత కబురే లేదు" అని అడిగావు. ఆ వాక్యం చదివాక ఆ రోజు నేను మధ్యాహ్నం భోంచేయలేదు. మొన్న ఫోనులో మాట్లాడినప్పుడు ఎందుకు చెప్పలేదంటావేమో. నువ్వు "అంతా బాగేనా నాన్నా" అన్నావు, నేను "ఆఁ బాగేనమ్మా" అన్నాను. ఫోనులో నా నోటికి అదొక్కటే వచ్చు. కాగితం మీదైతే తప్పించుకోలేనని కూర్చున్నాను.

ఎలిజబెత్ అక్క ఇప్పుడు మా క్లినిక్‌లో పనిచెయ్యడం లేదు. నెల దాటింది. నేను తీసెయ్యలేదు, ఆమే వెళ్ళిపోయింది. కానీ వెళ్ళేలా చేసింది నేనే.

మొదట్నుంచీ చెబుతాను. కిందటి డిసెంబరులో హర్షవర్ధన్ ఒక పద్ధతి పెడదామన్నాడు. మనకిప్పుడు మూడు కుర్చీలున్నాయి, పనివాళ్ళు అయిదుగురున్నారు. ఎవరు ఏం బాగా చేస్తున్నారో, ఎవరికి ఏం చెప్పాలో మనకే తెలియకుండా పోతోందని అతని బాధ. అతని మాటలు నీకు ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే అందులో ఒక్కటి నేను పాటించి ఉన్నా ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

"సార్, ఏడాదికొకసారైనా ఒక్కొక్కరితో విడిగా కూర్చుని వాళ్ళ పని గురించి మాట్లాడాలండి. బాగున్నది బాగుందని చెప్పాలి, బాగోనిది బాగోలేదని చెప్పాలి. ఊరికే 'నిర్లక్ష్యం' అనేసి ఊరుకోకూడదు, ఏ రోజు ఏం జరిగిందో చెప్పాలి. తర్వాత వాళ్ళేమంటారో మనం వినాలండి. ఇదంతా అయ్యాకే ఫారంలో రాయాలి. ఫారంలో ఉన్న మాట ఏదీ మనిషికి కొత్తగా ఉండకూడదండి."

సరే అన్నాను. నేను ఎవరికైనా సరే అనే అంటాను కదా. పాతవాళ్ళిద్దరితో నేను మాట్లాడేటట్టు, కొత్తవాళ్ళతో అతను మాట్లాడేటట్టు పంచుకున్నాం. ముందు కౌంటర్లో కూర్చునే ఇందు వంతు వచ్చింది. పేషెంట్లు నిలబడి ఉండగా సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నావని, ఫలానా మంగళవారం ఒక పెద్దాయన పావుగంట నిలబడ్డాడని హర్షవర్ధన్ మొహం మీదే చెప్పాడు. ఆ పిల్ల పది నిమిషాలు ఏడ్చింది. నాకు వెళ్ళి ఓదార్చాలనిపించింది. మర్నాటి నుంచి ఫోన్ సంచిలో పెట్టి జిప్ వేసేస్తోంది, ఇద్దరూ ఎప్పటిలాగే నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. అంత తేలికా అనుకున్నాను.

జనవరి మొదటి శనివారం మధ్యాహ్నం ఎలిజబెత్ అక్క నా ముందు కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆమెతో చెప్పవలసినవి నాకు లేక కాదు. మూడేళ్ళుగా ఆమెకు మాట సరిగా అందడం లేదు. పై పన్ను పీకే ఫోర్సెప్స్ అడిగితే కింది పన్నుది చేతిలో పెట్టేది. హాల్లో నుంచి పేషెంటు పిలిస్తే పలికేది కాదు, వాళ్ళు పొగరనుకునేవాళ్ళు. అవన్నీ ఒక ఎత్తు. నవంబరులో భీమడోలు నుంచి వెంకటనరసమ్మ గారని ఒక పెద్దావిడ పన్ను తీయించుకోవడానికి వచ్చింది. పేషెంట్ల వివరాలు రాసుకునేది అక్కే. తనకు సుగరుందని, మాత్రలు వేసుకోవడం లేదని ఆవిడ చెప్పిందట, అక్క చీటీలో రాయలేదు. నేనూ మళ్ళీ అడగకుండా పన్ను పీకేశాను. ఆ పుండు మానడానికి నెల పట్టింది. దవడ వాచి ఆవిడ అన్నం తినలేక చిక్కిపోయింది. రోజు విడిచి రోజు నేనే భీమడోలు వెళ్ళి కట్టు మార్చి వచ్చేవాణ్ణి. పని ఉందని చెప్పి వెళ్ళేవాణ్ణి తప్ప, ఎక్కడికో ఎందుకో అక్కతో ఒక్క మాట కూడా అనలేదు.

పళ్ళు పీకడానికి నాకు చెయ్యి వణకదమ్మా, మాట అనడానికే వణుకుతుంది. పదిహేడేళ్ళుగా "చీమ కుట్టినట్టు ఉంటుందండీ, అంతే" అని చెప్పి సూది పొడుస్తున్నవాణ్ణి. ఆ శనివారమూ అదే చేశాను. "కూర్చోండక్కా, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?" అన్నాను. ఆమె కొర్రమేను తెస్తానంది, వేపుడుకా పులుసుకా అని అడిగింది, నీ మోకాలు సంగతి అడిగింది. ఒకసారి గొంతు సవరించుకున్నాను కూడా. చివరికి "మీ పనంతా పర్వాలేదక్కా" అన్నాను. ఆమె లేచి రెండు చేతులూ జోడించి, "మీ అమ్మగారికి రాస్తానండీ బాబూ, సంతోషిస్తారు" అంది. మొత్తం కలిపి అయిదు నిమిషాలు, అందులో నాలుగు చేపల గురించే.

ఆమె వెళ్ళాక ఫారం ముందేసుకున్నాను. కాగితానికి మొహం ఉండదు కదా, దానితో నిజం మాట్లాడడం సులువనిపించింది. సమయపాలన, శుభ్రత అనే చోట్ల అయిదుకి అయిదు వేశాను. "సూచనలు పాటించడం" అన్న చోట రెండు వేశాను. "శ్రద్ధ" అన్న చోటా రెండే. కింద ఉదాహరణ రాయమని ఉంటే వెంకటనరసమ్మ గారి సంగతి రాశాను. "పేషెంటు చెప్పిన ముఖ్యమైన విషయం రాయకపోవడం, నిర్లక్ష్యం" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. దాన్ని హర్షవర్ధన్ బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను.

జనవరి ఇరవై ఒకటి సోమవారం హర్షవర్ధన్ ఎవరి ఫారం వాళ్ళకిచ్చి, చదువుకుని సంతకం చేయమన్నాడు. నేను ముందే మాట్లాడి ఉంటాననుకున్నాడు, అతని తప్పేమీ లేదు. నేను లోపల ఒక పేషెంటుతో ఉన్నాను. అక్కకు ఇంగ్లీషు అంతగా రాదు. అదీ కాక తనకు మంచి మార్కులు వచ్చాయనే నమ్మకంతో ఉంది, అందుకే దాచుకోవాలనుకోలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి "ఇందమ్మా, కాస్త చదివి పెడతావా తల్లీ" అంది. ఇందు మొదట మెల్లగా చదివింది. అక్కకు వినపడలేదు. "కాస్త గట్టిగా తల్లీ" అంది. ఇందు ఇంకొంచెం గట్టిగా చదివి తెలుగులో చెప్పింది. మూడోసారి కూడా "ఏంటమ్మా?" అంది. అప్పుడు ఇందు పాపం గొంతెత్తి, హాలంతా వినపడేలా, "శ్రద్ధ తక్కువంటండీ, అయిదుకి రెండు! సుగరు పేషెంటు చెప్పింది రాయలేదంట, ఆవిడకి పుండు మానలేదంట, నిర్లక్ష్యం అని రాసారండీ సారు!" అంది. ఎనిమిది మంది పేషెంట్లు ఉన్నారు హాల్లో. అందులో ఇద్దరు మన చర్చివాళ్ళే.

తర్వాత ఇందు నాకు ఏడుస్తూ చెప్పింది. అక్క మార్కుల గురించి అడగలేదు, నా గురించి అడగలేదు. "ఆవిడకి పుండు మానలేదా అమ్మా? నాకెవరూ చెప్పలేదే. ఇప్పుడెలా ఉందంట?" అని అడిగిందట. ఆ ఒక్క ప్రశ్నేనట.

సంతకం చేసింది. సాయంత్రం దాకా పని చేసింది. పనిముట్లన్నీ కడిగి, ఆరబెట్టి, గుడ్డలు మడతపెట్టి, వెనకగది తాళంచెవి నా బల్ల మీద పెట్టి "వస్తానండీ బాబూ" అంది. నేను చీటీ మీద ఏదో రాస్తూ "మంచిదక్కా" అన్నాను. మర్నాడు రాలేదు. జలుబేమో అనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను గానీ, నిజానికి అలా అనుకోవడం నాకు అవసరమైంది. మూడో రోజుకి తంగెళ్ళమూడిలో ఆమె అద్దెకున్న గది ఖాళీ చేసి కొల్లేరు లంకలోని సొంత ఊరికి వెళ్ళిపోయిందని తెలిసింది. రెండేళ్ళ కిందట కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పటి నుంచి వాళ్ళాయన నాగేశ్వరరావు బావగారికి కాపలా పని లేదు, దోనె మీద పట్టే నాలుగు చేపలతోనే గడుస్తోంది. ఆ ఇంటికి ఈమె పనే ఆసరా అని తెలిసి కూడా నేను మూడు ఆదివారాలు ఊరుకున్నాను. వచ్చే ఆదివారం వెళదాం, వచ్చే ఆదివారం వెళదాం అనుకుంటూ.

అమ్మా, నువ్వు హాస్టల్లో ఆడపిల్లల్ని ఎదురుగా తిట్టి, ప్రోగ్రెస్ కార్డులో మంచిమాట రాసేదానివి. నేను ఎదురుగా మంచిమాట చెప్పి, వెనక కాగితంలో తిట్టాను. నీ కడుపున ఇలా ఎలా పుట్టానో.

ఇంతవరకు రాసినది నువ్వు కోప్పడి క్షమిస్తావు. నీ కొడుకు పిరికివాడని నీకు కొత్తగా తెలియదు. ఇక రాయబోయేది పిరికితనం కాదు. దీన్ని నీ కోడలికి కూడా ఇంకా చెప్పలేదు.

ఆమెకు శ్రద్ధ తగ్గలేదని నాకు తెలుసు. ఆమెకు చెవి తగ్గింది. ఎందుకు తగ్గిందో కూడా తెలుసు.

డ్రిల్లుకు గాలినిచ్చే కంప్రెసర్ మొదట్లో వెనక వసారాలో ఉండేది, నువ్వు చూశావు. తొంభై తొమ్మిదిలో ఇంటి ఓనరు అబ్బాయిరాజు గారు కిందికి దిగి వచ్చి, "డాక్టరు గారూ, మధ్యాహ్నం కునుకు తీద్దామంటే మీ మిషను గుండెల మీద కొడతందండీ, ఏవనుకోకండే" అన్నారు. "అయ్యో, ఎంత మాటండీ" అని మర్నాడే దాన్ని వెనకగదిలోకి మార్పించాను. అక్క పనిముట్లు కడిగి ఉడకబెట్టే గది అదే. తొట్టికి మూరెడు దూరంలో, సరిగ్గా ఆమె ఎడమ చెవి పక్కన. తలుపు వేసి ఉంచితేగానీ చప్పుడు పైకి వెళ్ళకుండా ఉండదు కాబట్టి తలుపు వేసి ఉంచమన్నాను. "కొన్నాళ్ళేనక్కా" అన్నాను. ఆమె "పర్లేదండీ బాబూ, నాకేం" అంది. ఆ కొన్నాళ్ళు ఎనిమిదేళ్ళు దాటాయి.

మూడేళ్ళ కిందట ఒకరోజు "చెవిలో తుమ్మెద దూరినట్టు ఒకటే రొదండీ బాబూ, రాత్రుళ్ళు కూడా పోవట్లేదు" అని చెప్పింది. నేను డాక్టర్నమ్మా. ఆ రొద ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. చెవి డాక్టరు దగ్గరికి పంపితే ఏ పని చేస్తావని అడుగుతాడు. ఆమె చెబుతుంది. అప్పుడు నేను రాజు గారి దగ్గరికి వెళ్ళి అడగాలి, ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నానో ఆమెకు చెప్పాలి. "వయసు వస్తోంది కదక్కా, పర్వాలేదు" అన్నాను.

ఆ ఫారంలో కూడా మొదట "వినికిడి" అని ఇంగ్లీషులో సగం రాశాను. అది చూస్తే హర్షవర్ధన్ ఎందుకు, ఎప్పటి నుంచి అని అడుగుతాడు. అతను అడగకుండా ఉండడు. ఆ సగం మాటను గట్టిగా కొట్టేసి, దాని పక్కన "నిర్లక్ష్యం" అని రాశాను. నా నిర్లక్ష్యాన్ని ఆమె పేరు మీద రాశాను. ఇదమ్మా నేను చేసినది.

నీ ఉత్తరం వచ్చాక ఇక ఆగలేకపోయాను. కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి, అది ఆగిపోయే చోట దిగి, దోనెలో కాలవ దాటి లంకకు వెళ్ళాను. తెగిన గట్ల మధ్య నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. అక్క గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి గబగబా లేచింది.

"రండి రండి బాబూ, ఎండనపడి వచ్చేరా? కబురు చేస్తే బావగారు ఒడ్డుకొచ్చేవారు కదండీ" అంది. మంచం వాల్చింది, కాఫీ పెట్టి తెచ్చింది. పీట లాక్కుని నా పక్కనే కూర్చుని మళ్ళీ వల అందుకుంది. వెంకటనరసమ్మ గారికి ఎలా ఉందని అడిగింది. పూర్తిగా మానిందని చెప్పాను. "దేవుడు మేలు చేశాడు" అంది.

చెప్పడానికే వెళ్ళాను కాబట్టి చెప్పాను. పక్కింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు, వాళ్ళకు వినపడకూడదని గొంతు తగ్గించి చెప్పాను. కంప్రెసర్ గురించి చెప్పాను. తుమ్మెద గురించి, కొట్టేసిన మాట గురించి చెప్పాను. "తప్పంతా నాదక్కా, మీ చెవి పోవడానికి నేనే కారణం, తెలిసి కూడా మీదే తప్పని రాశాను" అన్నాను. నా జీవితంలో ఎవరితోనూ అంత పొడుగు మాట్లాడలేదు. ఆమె తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి. కాసేపటికి, "పర్వాలేదు లెండి బాబూ. కాఫీ చల్లారిపోతంది, తాగండి" అంది.

వినపడలేదనుకున్నాను. అంత తగ్గించి చెబితే ఎలా వినపడుతుంది? మళ్ళీ గట్టిగా చెప్పాలి. కానీ అరుగు మీదివాళ్ళు ఇటే చూస్తున్నారు. నిజం రాస్తానన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను: ఆమెకు వినపడలేదనుకోగానే నా ప్రాణం కాస్త తేలికపడింది. కాఫీ తాగాను. చెవి డాక్టరుకు చూపిద్దాం, నేనే తీసుకువెళతాను అన్నాను, ఈసారి గట్టిగానే. "చూద్దాం లెండి" అంది. పనిలోకి రండక్కా అన్నాను. దానికీ "చూద్దాం లెండి" అంది. మన వైపు ఆ మాటకు అర్థమేమిటో నీకు నేను చెప్పనక్కర్లేదు.

బావగారు నన్ను దోనెలో దిగబెట్టారు. సగం దూరం వచ్చాక, "బావగారూ, నేను చెప్పింది అక్కకు వినపడినట్టు లేదండీ. మీరే కాస్త నెమ్మదిగా చెబుతారా?" అన్నాను. చూశావా, అక్కడ కూడా ఇంకొకరి నోటినే వెతుక్కున్నాను.

ఆయన గెడ వెయ్యడం ఆపారు. "ఇనపడకపోడమేంటండీ బాబూ? ఎడం చెవి పోయింది గానండి, గోల లేని చోట కుడి చెవికి బానే అందుద్దండి. అందుకే కదండీ అటేపు పీటేసుకుని కూకుంది. ఆయ్, అంతా ఇన్నదండి."

"మరి పర్వాలేదంది కదండీ?"

"ఇంకేమంటదండీ, ఇంటికొచ్చిన మనిషిని?"

ఆయనకు నా మీద కోపం ఉన్నట్టు కూడా లేదు, అదే నేను భరించలేకపోయాను. ఒడ్డు దగ్గరపడ్డాక ఆయనే అన్నారు: "టీచరు గారికి ఉత్తరం రాయవే అంటే, ఈ నెల రెండుసార్లు కాయితం తీసిందండి. 'బాగున్నానని రాత్తే అబద్ధవయ్యా, ఉన్నది రాద్దావంటే ఆవిడ కొడుకే కదయ్యా' అని మళ్ళీ లోపలెట్టేసిందండి."

నువ్వు అడిగిన నాలుగో ప్రశ్నకు జవాబు ఇదమ్మా.

సోమవారం పొద్దున్న పేషెంట్లు రాకముందే అందరినీ కూర్చోబెట్టి, ఎలిజబెత్ గారికి శ్రద్ధ ఎప్పుడూ తగ్గలేదని, చెవి తగ్గిందని, అది నా వల్లేనని చెప్పాను. ఇందు తల వంచుకుంది. హర్షవర్ధన్ "ఇది నాకు ముందే చెప్పి ఉండాల్సింది సార్" అన్నాడు. ఫారం దిద్దాము. అయితే ఆ రోజు హాల్లో విన్న ఎనిమిది మందిని ఎక్కడని వెతకను? అదే రోజు రాజు గారి దగ్గరికి వెళ్ళి కంప్రెసర్ మేడ పైన డాబా మీద పెట్టుకుంటానని అడిగాను. "పెట్టుకోండి, దానిదేవుంది. అప్పుడే అడిగితే అప్పుడే చెప్పేవోణ్ణి కదండీ" అన్నారాయన. మంగళవారం నలుగురు మనుషులు అరగంటలో పైకి ఎక్కించేశారు. ఇప్పుడు వెనకగదిలో నిలబడితే కుళాయి బొట్లు కూడా వినపడుతున్నాయి. నేను ఆ గదిలో ఎక్కువసేపు ఉండలేకపోతున్నాను.

వచ్చే ఆదివారం మళ్ళీ లంకకు వెళుతున్నాను. చెవి డాక్టరుతో మాట్లాడి ఉంచాను. ఆమె రానంటే ఆ పై ఆదివారం కూడా వెళతాను. ఈసారి అరుగు మీదివాళ్ళకు కూడా వినపడేలా మాట్లాడతాను. ఆమె నా మీద అరిచినా, గుమ్మం ఎక్కనివ్వకపోయినా నాకు మేలే.

నీతో ఒక్క పని ఉందమ్మా. ముందు నువ్వే ఆమెకు ఉత్తరం రాయి. నా తరఫున ఒక్క ముక్క కూడా రాయొద్దు. నన్ను క్షమించమనొద్దు, పనిలోకి వెళ్ళమని చెప్పొద్దు. సుకుమార్ జరిగినదంతా రాశాడు, ఇక నీకు దాచవలసిన పని లేదు అని మాత్రం రాయి. ఆమె జవాబు రాస్తుంది. అందులో నా గురించి ఏముంటే అది చదువు. ఈ ఉత్తరంలో ఎంత నిజం రాద్దామన్నా నా మాట నాకు తెలియకుండానే మెత్తబడి ఉంటుంది. రెండిటికీ ఎక్కడైనా తేడా కనపడితే, ఆమె రాసినదే నమ్ము.

ఇట్లు,
నువ్వు దిద్దవలసిన
నీ కొడుకు
సుకుమార్